బయటి డిస్కులోని ప్రతి: అది యేల తప్పును? ఎట్లు సరిచేయవలెను?

గత విద్యాసంవత్సరమున జూన్ నెలలో, క్రొత్త విద్యార్థులను జేర్చుకొను పని ముమ్మరముగ సాగుచున్న దినములలో, మా పాఠశాల కార్యాలయమందలి కంప్యూటరు ఒక యుదయమున మేలుకొనలేదు. ముందటి రాత్రి ఉఱుములతో గూడిన వాన కుఱిసినది. కరెంటు నాలుగైదు మాఱులు పోయి వచ్చినది. లోపలి హార్డు డిస్కు చెడినదని మరమ్మతు చేయువాడు చెప్పినప్పుడు మేమెవ్వరమును అంతగా కలత జెందలేదు. ఏలయన, బల్లమీద నల్లని చిన్న పెట్టె యొకటి యుండెడిది. అదియే బయటి హార్డు డిస్కు. ప్రతి సాయంకాలమును దాని దీపము మినుకుమినుకు మనుచుండగా, మా లెక్కలన్నిటికిని ప్రతి యెత్తుచున్నదని మేమందఱమును నమ్మియుంటిమి.

ఆ పెట్టెను వేఱొక కంప్యూటరునకు దగిలించి చూడగా, అందులోని కడపటి ప్రతి నవంబరు నెలనాటిది. ఏడు నెలల పని అందులో లేదు. జీతముల రసీదులు కాగితముమీద నకళ్లుండుటచే మఱల వ్రాసికొంటిమి. మార్కుల పట్టికలు ఉపాధ్యాయుల రిజిష్టర్లనుండి దింపుకొంటిమి. అందు రెండు వారములు పట్టినది. కాని యీ పత్రిక కొఱకే మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఊరూర దిరిగి, మన పాఠశాలలో పూర్వము చదివిన పెద్దల జ్ఞాపకములను వారి గొంతుకలతోనే పట్టి తెచ్చిన పదునొకండు ధ్వనిముద్రికలు ఆ చెడిన డిస్కులోనే యుండినవి. ఆ పెద్దలలో నిద్దఱు అప్పటికే కాలధర్మము నొందియుండిరి. మిగిలినవారి యొద్దకు మఱల బోవచ్చును. ఆ యిద్దఱి యొద్దకు బోవుట యెట్లు?

ఈ నష్టమునకు గారణమేమని తీరిక దొరకినప్పుడెల్ల వెదకితిమి. వెదకుచుండగా దెలిసిన సంగతులు మా బాలబాలికలకును వారి తలిదండ్రులకును పనికివచ్చునని తోచి యిచట వ్రాయుచున్నాము. ఇప్పుడు ప్రతి యింటను పెండ్లి ఛాయాచిత్రములు, పొలము కాగితములు, పిల్లల ధ్రువపత్రములు కంప్యూటరులోనో ఫోనులోనో ఉన్నవి గదా!

బ్యాకప్పు అను మాటకు మన భాషలో 'ప్రతి' అను మాటయే చాలును. తాటియాకుల కాలమున మాతృక యొకచోట, ప్రతి మఱియొకచోట నుండుటచేతనే యెన్నియో కావ్యములు చెదలకును అగ్నికిని దప్పించుకొని మనకు జేరినవి. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపయందు లేఖకులను జీతమునకు బెట్టి గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. అంతతో నూరకుండక, పలు ప్రతులను ప్రక్కప్రక్కన బెట్టి పండితులచే సరిపోల్పించెను. వ్రాయసకాడు నిదురమత్తులో నొక యాకు దాటవేసి వ్రాసినచో, సరిపోల్చువాడు లేనిదే ఆ లోపము బయటపడదు. కంప్యూటరు నిదురపోని వ్రాయసకాడే. కాని ఇదియు ఆకులు దాటవేయును. ఏ కారణములచే దాటవేయునో చూతము.

మొదట మా కథయే చెప్పెదము. మా బయటి డిస్కు పాతది. 500 గిగాబైట్లు పట్టునది. సగముకంటె నెక్కువ ఖాళీగనే యున్నది. అయినను నవంబరు నెలనుండి ప్రతి సాయంకాలమును కంప్యూటరు తెరమీద నొక చిన్న కిటికీ కనబడి, డిస్కులో చాలినంత తావు లేదని యింగ్లీషులో దెలిపి, క్రింద నొక సంఖ్య చూపుచుండెనట. కార్యాలయమువారు మొదట రెండు దినములు పాత ఫైళ్లు కొన్ని తీసివేసి చూచిరి. మార్పు లేకపోయెను. తరువాత ఆ కిటికీని మూసివేయుట దినచర్యలో నొక భాగమైపోయెను. వారిని దూఱుటకు మాకు నోరు రాదు. మేమును రెండు మూడు మాఱులు మూసినవారమే.

సగము ఖాళీగ నున్న డిస్కులో తావు లేకపోవుట యెట్లు? ఇందలి కీలకము డిస్కులో ఫైళ్లను అమర్చు పద్ధతియందున్నది. ధాన్యమును గాదెలో బోయవచ్చును, బస్తాలలో గట్టవచ్చును, కుండలలో నింపవచ్చును. అట్లే డిస్కునందు ఫైళ్లను పేర్చి జాబితా వ్రాసికొను పద్ధతులు కొన్ని గలవు. వానిలో ఫ్యాట్ 32 అనునది పాతది. ఆ పద్ధతిలో ప్రతి ఫైలుయొక్క పరిమాణమును 32 గడులలో మాత్రమే వ్రాసికొనవలెను. ఒక్కొక్క గడిలో సున్నగాని ఒకటిగాని పట్టును. 32 గడులలో వ్రాయదగిన పెద్ద సంఖ్య 4,29,49,67,295. అనగా నాలుగు గిగాబైట్లకు ఒక్క బైటు తక్కువ. అంతకంటె పెద్ద ఫైలు ఎంత ఖాళీ యున్నను ఆ డిస్కులోనికి బోదు. రసీదుపుస్తకమున రూపాయల వరుసకు నాలుగే గళ్లున్నయెడల పదివేల రూపాయలను వ్రాయుటకు వీలులేనట్లే యిదియును.

నవంబరు నెలలో మా వార్షికోత్సవము జరిగినది. దాని చలనచిత్రమును విద్యార్థులే కూర్చి, ఆఱు గిగాబైట్ల ఫైలొకటి చేసి, 'ఆన్యువల్ డే' అను ఫోల్డరులో బెట్టిరి. మా ప్రతి తీయు సాధనము పాత కాలపుది. అది ఫోల్డర్లను ఇంగ్లీషు అక్షరక్రమమున నొకదాని వెనుక నొకటి యెత్తుకొనును. ఎచ్చట తప్పు వచ్చిన నచ్చట నిలిచిపోవును. 'ఆన్యువల్' అను మాట మొదటి యక్షరముతోనే యారంభమగును గనుక, ప్రతి సాయంకాలమును అది ఆ చలనచిత్రముతో గుస్తీపట్టి, నాలుగు గిగాబైట్ల యొద్ద చతికిలబడి, తక్కిన యే ఫోల్డరును ముట్టకయే విరమించుచుండెను. దీపము మినుకు మనుటకు గారణ మా గుస్తీయే. దీపము వెలుగుట పని జరుగుచున్నదనుటకు గుఱుతు గాని, పని ముగిసినదనుటకు గుఱుతు కాదు.

ఈ రోగమునకు మందు సులభము. డిస్కు నేదేని క్రొత్త పద్ధతికి మార్చవలెను. విండోసు కంప్యూటర్లకు ఎన్.టి.ఎఫ్.ఎస్. అను పద్ధతి తగినది. విండోసునందును ఆపిల్‌వారి మాకింతోషునందును వాడదలచినవారికి ఎక్స్‌ఫ్యాట్ తగినది, మాకింతోషు ఎన్.టి.ఎఫ్.ఎస్. డిస్కును చదువగలదు గాని, వేఱు సాధనము చేర్చినగాని దానిమీద వ్రాయజాలదు. డిస్కు గుఱుతుమీద మౌసు కుడిమీట నొక్కి 'ప్రాపర్టీస్' అనుదానిని దెఱచిన అందున్న పద్ధతి పేరు కనబడును. ఫార్మాటు చేసినచో డిస్కులోనిదంతయు తుడిచికొనిపోవును గనుక, అందున్న పాత ప్రతిని ముందుగా వేఱొకచోటికి జేర్చి గాని యా పనికి బూనరాదు. 'కన్వర్ట్' అను విండోసు ఆజ్ఞ ఫ్యాట్ 32ను తుడువకయే ఎన్.టి.ఎఫ్.ఎస్.గా మార్చును. అయినను నడుమ కరెంటు పోయినయెడల నేమగునో యని మేము మాత్రము ఆ సాహసము చేయలేదు.

ఇక కిటికీలో గనబడు సంఖ్యను గూర్చి. గణితమునందు ఆసక్తిగల విద్యార్థులకు ఇది వినోదముగ నుండును. మా తెరమీద వచ్చినది 0ఎక్స్80070070. మొదట నున్న 'సున్న, ఎక్స్' అనునది, వెనుక వచ్చునది పదాఱింటి లెక్కలో వ్రాసిన సంఖ్య యని తెలుపు గుఱుతు మాత్రమే. మన లెక్కలో ఒకట్లు, పదులు, నూఱులు అని స్థానములున్నట్లు, ఆ లెక్కలో ఒకట్లు, పదాఱులు, రెండువందల ఏబదియాఱులు అని స్థానములుండును. పదినుండి పదునైదు వఱకు గల అంకెలకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను నక్షరములను వాడుదురు. తరువాతి 8007 అనునది, ఈ తప్పు విండోసుయొక్క సామాన్యమైన తప్పుల పట్టికలోనిదని తెలుపును. కడపటి నాలుగు స్థానములే అసలు సంగతి. మా సంఖ్యలో అది 0070. ఏడు పదాఱులు నూటపండ్రెండు. పట్టికలో 112వ తప్పు 'డిస్కులో తావు చాలదు' అనునది.

అట్లే 0ఎక్స్8007045డి అని వచ్చినచో, నాలుగు రెండువందల ఏబదియాఱులు 1024, అయిదు పదాఱులు 80, డి యనగా 13, వెరసి 1117. పరికరముతో ఇచ్చిపుచ్చుకొనుటయే చెడినదని దాని యర్థము. తీగెనుగాని డిస్కునుగాని అనుమానింపవలెను. 0017 అనగా 23. చదివిన విషయము, దాని వెంట వ్రాసియుంచిన సరిచూపు మొత్తముతో గలియలేదని యర్థము. కోమటి చిట్టాలో ప్రతి పుట క్రిందను మొత్తము వేసికొనునట్లు, కంప్యూటరును విషయమునకు మొత్తము వేసికొనును. ఆ మొత్తము తప్పినచో నడుమ నేదో చెడియుండవలెను. 0020 అనగా 32; ఆ ఫైలును వేఱొక ప్రోగ్రాము పట్టుకొనియున్నది. 0005 అనగా అనుమతి లేదు. ఈ అయిదింటిని ఎఱిగియుండిన చాలవఱకు పని గడచును.

సంఖ్య అబద్ధమాడదు గాని, నిజమంతయు జెప్పదు. మాకు వచ్చిన 112 అట్టిదే. తావు చాలదన్నది గాని, ఆ చాలమి డిస్కుదా, ఆ ఫైలుదా యనునది చెప్పలేదు. కావున సంఖ్యతోబాటు ఏ ఫైలుయొద్ద పని నిలిచినదో కూడ చూడవలెను. ప్రతి తీయు సాధనములలో పెక్కింటికి చిట్టా యొకటి యుండును. ఆ చిట్టాలో కడపటి పంక్తిని చదివినవారికి సగము కారణము దొరకినట్లే.

పూర్తి యంత్రముయొక్క చిత్రమును, అనగా సిస్టమ్ ఇమేజిని, తీయు విండోసు సాధనము నడుపునపుడు 0ఎక్స్80780119 అను సంఖ్య వచ్చుట కలదు. ఇదియు తావు చాలదనియే చెప్పును. కాని యిచట జిక్కు తఱచుగా బయటి డిస్కుది కాదు; లోపలి డిస్కులో మనకు గనబడకుండ దాగియున్న చిన్న భాగముది. 500 మెగాబైట్లకు లోపైన భాగమైనచో 50 మెగాబైట్లు, అంతకు మించినదైనచో 320 మెగాబైట్లు ఖాళీ యుండవలెనని నియమము. వేయి గిగాబైట్ల క్రొత్త డిస్కు కొని తెచ్చినను ఈ తప్పు మానదు. ఇట్లు వ్యర్థముగ డిస్కులు కొన్నవారు మా యెఱుకలోనే యున్నారు.

తావును గూర్చి యింకొక చిన్నమాట. ఒక టెరాబైటు డిస్కు కొన్నవారికి కంప్యూటరులో 931 అని మాత్రమే కనబడును. అంగడివాడు మోసగించెనని కొందఱందురు. మోసము లేదు. అమ్మువారు టెరాబైటు అనగా లక్షకోట్ల బైట్లని లెక్కింతురు. విండోసు గిగాబైటు అనగా 1,07,37,41,824 బైట్లని లెక్కించును. భాగించి చూచుకొనుడు. మోసము వేఱొకచోట నున్నది. పదాఱు టెరాబైట్లు పట్టునని చెప్పి మిక్కిలి తక్కువ వెలకు అమ్ము పెట్టెలు కొన్ని గలవు. లోపల నుండునది చిన్న మెమొరీ కార్డు. పెట్టె మాత్రము తనకు లేని విశాలతను కంప్యూటరునకు జెప్పుకొనును. కార్డు నిండినపిదప వ్రాసినదంతయు గంగలో గలియును. తప్పు సంఖ్య యైనను రాదు. ఫైళ్ల పేర్లు కనబడును, తెఱచిన నేమియు నుండదు. క్రొత్తగ గొన్న డిస్కును ఒకమాఱు నిండ నింపి, తిరిగి చదివి చూచినగాని యిది బయటపడదు.

తీగెలను గూర్చియు విద్యుత్తును గూర్చియు దెలిసికొనవలెను. బయటి డిస్కులలో చిన్నవానికి వేఱుగ కరెంటు తీగె యుండదు, కంప్యూటరుయొక్క యు.ఎస్.బి. రంధ్రమునుండియే బలము తీసికొనును. యు.ఎస్.బి. 2.0 రంధ్రము 5 వోల్టులయొద్ద 500 మిల్లీయాంపియర్లు, 3.0 రంధ్రము 900 మిల్లీయాంపియర్లు ఇయ్యవలెనని నియమము. లోపలి పళ్లెము కదలక యున్న స్థితినుండి తిరుగ నారంభించునపుడు అంతకంటె నెక్కువ కోరవచ్చును. బండి కదలించుటకు ఎడ్లకు ఎక్కువ బలము కావలసినట్లే. చాలినంత బలము దొరకనప్పుడు డిస్కు తిరుగబోయి ఆగును, మఱల తిరుగబోవును, 'టిక్కు టిక్కు'మని చప్పుడు చేయును, ప్రతి నడుమ మాయమై మఱల ప్రత్యక్షమగును. అట్టిచో డిస్కు చెడినదని తొందరపడి పాఱవేయరాదు. పలు రంధ్రముల హబ్బును తీసివేసి, పెద్ద కంప్యూటరైనచో వెనుకవైపు రంధ్రమునకు, పొట్టి తీగెతో దగిలించి చూడవలెను. తీగె మార్చుట అన్నిటికంటె చవుకైన పరీక్ష, మొదట చేయదగినది. మా హాస్టలునందలి కంప్యూటరు బ్యాకప్పు రెండు నెలలు తప్పుచుండగా, తీగె మార్చినంతనే కుదుటబడినది. ఆ తీగె బల్ల సొరుగులో పడి రోజును నలుగుచుండెడిది.

తీగెయు బలమును సరిగనున్నను ఆ చప్పుడు వినబడినచో డిస్కు రోగగ్రస్తమైనదని యెఱుగవలెను. ఈ డిస్కులలో పళ్లెము నిమిషమునకు 5400 మాఱులు, అనగా సెకనునకు తొంబది మాఱులు, తిరుగుట సామాన్యము. చదువు ముల్లు ఆ పళ్లెమును దాకక, వెండ్రుక మందములో వేయవవంతుకంటె తక్కువ యెత్తున తేలియాడుచుండును. తిరుగుచున్న డిస్కును బల్లమీదనుండి క్రింద బడవేసినచో నేమగునో వేఱుగ జెప్పనక్కఱలేదు. డిస్కు తన యారోగ్యమును తానే వ్రాసికొను లెక్క యొకటి గలదు. దానిని స్మార్ట్ అందురు. అందు 5వ వరుస, చెడిపోయినందున బదులు తావులకు మార్చిన గడుల సంఖ్యను, 197వ వరుస, చదువుటకు జిక్కుగా నుండి తీర్పుకై వేచియున్న గడుల సంఖ్యను దెలుపును. ఈ రెండును నెలనెలకు బెరుగుచున్నయెడల ఆ డిస్కు నాశ్రయింపరాదు. చెక్‌డిస్కు అను విండోసు సాధనము చెడు గడులను వెదకి తీయునది. కాని డిస్కు మూడువంతులు చచ్చియున్నప్పుడు దానిచే నంతటి శ్రమ చేయించుట, జ్వరముతో నున్నవానిచేత కొండ యెక్కించుట వంటిది. దొరకినంత విషయమును మొదట బయటికి దీసికొని, పిమ్మట మరమ్మతునకు బూనవలెను.

ఒక్కొక్కప్పుడు డిస్కు బాగుండును, తీగె బాగుండును. ప్రతి మాత్రము తప్పుచుండును. విండోసు ప్రతి డిస్కునకును ఒక యక్షరమును పేరుగా నిచ్చును. నిన్న 'ఇ' యను పేరుగల బయటి డిస్కు, నేడు దానికంటె ముందు ఎవ్వరో పెన్‌డ్రైవు పెట్టుటచే 'ఎఫ్' కావచ్చును. సాధనము 'ఇ'ని వెదకి, కానక మఱలును. లేదా పెన్‌డ్రైవులో వ్రాసిపెట్టును! 'డిస్క్ మేనేజ్‌మెంట్' అనుచోట బయటి డిస్కునకు కడపటి యక్షరములలో నొకదానిని స్థిరపఱచిన ఈ బాధ తొలగును. అట్లే రాత్రి పండ్రెండింటికి ప్రతి తీయుమని చెప్పి, ఇంటికి బోవుచు కంప్యూటరును ఆర్పివేయుదుము. అర్ధరాత్రి ఎవరు లేచి తీయుదురు?

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకొనువారు తెలిసికొనవలసిన సంగతి యొకటి యున్నది. విండోసునందు చాల ప్రోగ్రాములు, డిస్కు పేరునుండి ఫోల్డర్ల పేర్లన్నియు గలుపుకొని ఫైలు పేరు చివర వఱకు 260 గుఱుతులకు మించిన దారిని అంగీకరింపవు. మనకు 'స్త్రీ' యను నది ఒక్క యక్షరము. కంప్యూటరునకో, సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడి దీర్ఘము అని ఆఱు గుఱుతులు. కావున చూచుటకు పొట్టిగ నున్న తెలుగు పేరు లెక్కకు పొడవగును. పైగా విండోసునందలి ఫైల్ హిస్టరీ అను సాధనము, ప్రతి యెత్తునపుడు ఫైలు పేరునకు తేదీని, గంటను చేర్చును. డిస్కులో తన ఫోల్డర్ల లోపల దానిని బెట్టును. మాతృకయొద్ద హద్దులో నున్న పేరు ప్రతియొద్ద హద్దు దాటవచ్చును. ఆ ఫైలు మాత్రము విడిచిపెట్టబడును. తెలుగు పేర్లు మానుమని మేము చెప్పము. ఫోల్డరులో ఫోల్డరు, అందులో నింకొక ఫోల్డరు పెట్టుట తగ్గింపుడని మాత్రము చెప్పుదుము.

ఈ ఫైల్ హిస్టరీ 2012లో విండోస్ 8తో వచ్చినది. మొదటి యమరికలో గంటకొకమాఱు ప్రతి తీయును. మంచి సాధనమే. కాని అది వినియోగదారుని డాక్యుమెంట్లు, చిత్రములు, సంగీతము, డెస్క్‌టాపు మొదలగు తెలిసిన చోట్లను మాత్రమే చూచును. 'డి' డిస్కులో మనము సొంతముగ జేసికొన్న ఫోల్డరును మనము చేర్చినగాని ముట్టదు. ఏ తప్పు సంఖ్యయు రాదు, ఏ కిటికీయు దెఱచుకొనదు. అంతయు సవ్యముగ నున్నట్లే కనబడును. తప్పు చూపి నిలిచిపోవు సాధనముకంటె ఇట్టి మౌనమే యెక్కువ భయంకరమని మా యభిప్రాయము. మాకింతోషు వాడువారికి 2007లో వచ్చిన టైమ్ మెషీన్ అను సాధనము గలదు; అది డిస్కు నిండినప్పుడు పాత ప్రతులను తానే తీసివేయును గనుక ఆ బాధ తక్కువ.

బయటి డిస్కును ఎల్లప్పుడు కంప్యూటరునకు దగిలించి యుంచుటయు మంచిది కాదు. 2017 మే నెలలో 'వాన్నక్రై' అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, ఫైళ్లను తాళమువేసి, డబ్బు చెల్లించినగాని తీయమని బెదరించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి. ఇట్టివి తగిలించియున్న బయటి డిస్కులోని ఫైళ్లకు కూడ తాళము వేయును. ఇల్లు దోచుకొనువానికి పెట్టె తాళపుచెవి ఇంటిలోనే దొరకినట్లగును. పిడుగుపాటునకును ఇదే న్యాయము. మా డిస్కు ఆ రాత్రి దప్పించుకొనుట అదృష్టముచేతనే.

ఇంత చేసినను, ప్రతిని తిరిగి తెఱచి చూడనిచో నేమియు చేయనట్లే. ఇందు పెద్దపెద్దవారును పొరపడిరి. 1999లో విడుదలయైన 'టాయ్ స్టోరీ 2' అను చలనచిత్రమును అమెరికాలో పిక్సార్‌వారు తయారుచేయుచుండగా, 1998లో ఎవ్వరో ఇచ్చిన యొక ఆజ్ఞచే చిత్రములో చాల భాగము కంప్యూటర్లనుండి తుడిచికొనిపోయెను. ప్రతులను తెఱచి చూడగా అవియు సరిగ లేవని తేలెను. గాలిన్ సూస్‌మన్ అను నుద్యోగిని పసిబిడ్డ కలిగియుండుటచే ఇంటినుండి పనిచేయుచు, తన యింటి కంప్యూటరులో నొక ప్రతి నుంచుకొనియుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో జుట్టి కారులో దెచ్చి చిత్రమును గాపాడుకొనిరి. గిట్‌ల్యాబ్ అను సంస్థవారు 2017 జనవరి 31వ తేదీన పొరపాటున తమ విషయసంచయమును తుడిచివేసికొని, ప్రతులకై వెదకగా, నిత్యము తీయబడవలసిన ప్రతి అసలు తీయబడుటయే లేదని తెలిసినది. తప్పు జరిగినదని తెలుపు జాబులును వారికి జేరుట లేదు. సుమారు ఆఱు గంటల విషయము పోయినది. ఏమి జరిగినదో వారు దాపఱికము లేక లోకమునకు వెల్లడించిరి.

మేమును కొన్ని యేర్పాట్లు చేసికొంటిమి. ఇప్పుడు రెండు బయటి డిస్కులున్నవి. ఒకటి కార్యాలయమున, రెండవది వేఱొక భవనములో బీరువాలో నుండును. శుక్రవారమునాడు అవి స్థానములు మార్చుకొనును. ప్రతి నెల కడపటి శనివారమున తొమ్మిదవ తరగతినుండి ఒక విద్యార్థి వచ్చి, చీట్లు తీసి, వచ్చిన ఫోల్డరులోనుండి యొక ఫైలును డిస్కునుండి వేఱొక కంప్యూటరులోనికి దిరిగి తెచ్చి తెఱచి చూపును. తెఱచుకొన్నచో రిజిష్టరులో సంతకము చేయును. ఇంతవఱకు ఎనిమిది సంతకములు పడినవి. ఒక మాఱు ఫైలు తెఱచుకొనలేదు. అది ప్రతి తీయునపుడు ఎవ్వరో తెఱచి యుంచిన లెక్కల ఫైలు. సంఖ్య 32 యని బాలుడే పదాఱింటి లెక్క విప్పి చెప్పెను.

ఆ ధ్వనిముద్రికల సంగతి మిగిలినది. తొమ్మిదిమంది పెద్దలు దయతో మఱల మాటాడిరి. వారిలో ఒకరు మొదట జెప్పని సంగతులను గూడ ఈమాఱు చెప్పిరి. చనిపోయిన యిద్దఱిలో ఒకరి గొంతుకను పట్టిన బాలికయొక్క తల్లిగారి పాత ఫోను, తెర పగిలి, బియ్యపు డబ్బామీద పడియుండెను. దానిని చార్జి చేయగా ఇరువది రెండు నిమిషముల ముద్రిక చెక్కుచెదరక దొరకినది. ఆ యమ్మ ఫోనును పాఠశాలకు దెచ్చి యిచ్చిన దినమున ఆ పెద్దవారి కుమారునికి కబురంపితిమి. ఆయన కార్యాలయమున గూర్చుండి మొదటినుండి చివరవఱకు వినెను. రెండవవారి గొంతుక మాత్రము దొరకలేదు. ఆయన చెప్పినదానిలో విద్యార్థులు నోటుపుస్తకమున వ్రాసికొన్న పుటన్నర మాత్రము మిగిలినది.